వెళ్ళి చూడని గీత

ఆదివారం మధ్యాహ్నం ఎర్లిందాను నోటికొచ్చినట్టు తిట్టిన మగాళ్ళే సోమవారం పొద్దున్నే ఆమె ముందు బారులు తీరేవాళ్ళు. శాన్ మతియాస్‌లో బస్సు ఆగే చోట ఆమెది తమాలెల బండి. మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాలె ఒకటి తిని, గ్లాసుడు వేడి జావ తాగితే తప్ప ఆ ఊరి ఇటుక బట్టీల్లో పని మొదలుకాదు. తిట్టిన నోటితోనే అడిగి తినాలి కదా, అందుకని కొంచెం తల దించుకుని అడిగేవాళ్ళు.

"ప్రొఫా, పచ్చి కారంది ఒకటి పెట్టు. నిన్న పెనాల్టీ ఎగ్గొట్టావు కదా, ఆ పాపం పోయేట్టు ఇంకోటి కొసరు వెయ్యి."

"పెనాల్టీ కావాలంటే బాక్సులో పడాలి బాబూ. నువ్వు పడింది చర్చి మెట్ల దగ్గర."

"అది సరే, ఎంతకి అమ్ముడుపోయావు?"

"ఎవరు కొన్నారో నువ్వే చెప్పు, ఈ బండి కూడా వాళ్ళకే అంటగడతాను."

అక్కడ ఫుట్‌బాల్ రిఫరీని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మగవాడైతే ప్రొఫే, ఆడదైతే ప్రొఫా, అంటే పంతులమ్మ. పంతులమ్మా అని పిలిచి మరీ బూతులు తిడతారు, ఆ మాత్రం మర్యాద పాటిస్తారు. ఇక 'అమ్ముడుపోయావ్' అన్నది తిట్టులోకే రాదు. చొలూలా చుట్టుపక్కల ఏ మైదానంలోనైనా ఈల మెడలో వేసుకున్న వాళ్ళకి అది ఇంటిపేరులాంటిది. ఎర్లిందా దాన్ని ఎన్నడూ మనసుకు పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట అన్నవాళ్ళు కూడా నమ్మేవాళ్ళు కాదు. ఆమె ముక్కుసూటి మనిషని ఊరంతా ఎరుగును. సొంత తమ్ముడికే ఎర్రకార్డు చూపించి, ఆ సాయంత్రం వాడికే అన్నం పెట్టిన మనిషి. ఆ మంచిపేరే ఒకడి కొంప ముంచుతుందని మాత్రం ఆమెతో సహా ఎవరూ అనుకోలేదు.

రిఫరీ కావడం కూడా తమాలెల వల్లే జరిగింది. మొదట్లో ఆదివారాలు మైదానం పక్కనే బండి పెట్టి అమ్మేది, అమ్ముతూ అమ్ముతూ రిఫరీల తప్పులు బిగ్గరగా ఎంచేది. ఒకసారి రిఫరీ రాలేదు. లీగు పెద్ద దోన్ అబుందియో విసుగెత్తి, "అంత నోరున్నదానివి, నువ్వే ఊదు" అని ఈల ఆమె చేతిలో పెట్టాడు. వేళాకోళానికి ఇచ్చిన ఈల మళ్ళీ తిరిగి తీసుకోలేకపోయాడు.

ఆమెకు చదువు చెప్పింది మలకియాస్. టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు అతనిది. మోకాళ్ళు అరిగేదాకా రిఫరీగా పరిగెత్తిన మనిషి. ప్రతి మంగళవారం సాయంత్రం చుట్టుపక్కల రిఫరీలందరూ ఆ కొట్లో పాత టైర్ల మీద కూర్చునేవాళ్ళు. అక్కడొక కట్టుబాటు ఉంది. ఆ వారం తాను చేసిన తప్పు ఒకటి ప్రతివాళ్ళూ నోరు విప్పి చెప్పాలి. 'నేనేం తప్పు చేయలేదు' అన్నవాడు అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించాలి. ఆ భయానికి అందరికీ తప్పులు గుర్తొచ్చేవి. ఆఫ్‌సైడ్ చూడలేదని ఒకడు, ఎదురెండలో చొక్కాల రంగు పోల్చుకోలేక ఒకడికివ్వాల్సిన కార్డు ఇంకొకడికిచ్చానని ఒకడు చెప్పేవాళ్ళు. అందరూ పడీపడీ నవ్వి, ఆ తర్వాత ఎక్కడ నిలబడి ఉంటే అది కనపడేదో బొగ్గుతో నేల మీద గీసి చూసుకునేవాళ్ళు.

మలకియాస్ చెప్పినవన్నీ మంచి మాటలే, ఒక్కటి తప్ప. "ఈల ఊదాక వెనక్కి నడవకు. నడిచావంటే నీకే నమ్మకం లేదని వాళ్ళకి తెలిసిపోతుంది. ఇక ఆ రోజు నిన్ను బతకనివ్వరు" అనేవాడు. మగ రిఫరీలు దాన్ని సగం వినేవాళ్ళు. ఎర్లిందా మొత్తం విన్నది. ఆడది తడబడితే ఆ మైదానంలో ఇంకో ఆడదాన్ని అడుగుపెట్టనివ్వరని ఆమెకు తెలుసు.

ఒక ఏడాది ఫైనల్ మ్యాచి ఆమెకిచ్చారు. ఆడ రిఫరీకి ఫైనల్ ఇవ్వడం ఆ లీగులో అదే మొదలు. కంచె అవతల మగాళ్ళు తప్పు ఎప్పుడు చేస్తుందా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నారు.

ముందురోజు దోన్ గోయో దగ్గాడు. పోపోకతెపెత్ల్ అగ్నిపర్వతాన్ని అక్కడి వాళ్ళు ఇంటి పెద్దను పిలిచినట్టు అలాగే పిలుస్తారు. ఆయన దగ్గినప్పుడల్లా ఊరి మీద బూడిద పడుతుంది, ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారు, అంతే. ఆ ఆదివారం మైదానమంతా బూడిద రంగుకు తిరిగింది. మైదానం చూసుకునే ముసలాయన దోన్ క్రూస్ పొద్దున్నే చీపురుతో ఊడ్చి, డబ్బాలో సున్నం కలిపి గీతలన్నీ కొత్తగా గీశాడు. ఎర్లిందా ఆట మొదలయ్యే ముందు చుట్టూ తిరిగి వలలు లాగి చూసింది, గీతలు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి.

ఆడుతున్న జట్లలో ఒకటి బట్టీ యజమాని ఒదిలోన్‌ది. రెండోది పైపేట వాళ్ళది. పైపేట గోల్‌కీపర్ నసారియో, వారమంతా ఒదిలోన్ బట్టీలోనే పనిచేస్తాడు. అంతేకాదు, నసారియో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడింది ఒదిలోనే. అంటే ఇద్దరూ కొంపాద్రెలు, తోడబుట్టకపోయినా అంతటి వరస. ఊళ్ళో ఇలాంటివి మామూలే. ఆదివారం ఎవరి పేట వాళ్ళది, సోమవారం అందరిదీ ఒకే బట్టీ.

ఆట చివరి నిమిషాల దాకా సమానంగా నడిచింది. అప్పుడు ఒదిలోన్ జట్టుకు కార్నర్ కిక్ వచ్చింది. బంతి గాలిలో వంపు తిరిగి గోల్ ముందుకొచ్చింది. నసారియో ఎగిరి అందుకున్నాడు, కానీ బూడిద పట్టిన చేతితొడుగుల్లోంచి జారింది. వెనక్కి పడిన బంతి మీద అతను ఒక్క దూకు దూకి బోర్లా పడి ఆపేశాడు. ఎర్లిందా పరిగెత్తుకొస్తూ చూసింది. తెల్ల గీత కనపడింది, బంతి దానికి అవతల ఉంది. ఈల ఊది మైదానం మధ్యకి చెయ్యి చూపించింది. గోల్.

పైపేట వాళ్ళంతా ఆమె మీదికి వచ్చిపడ్డారు. నసారియో ఒక్కడే రాలేదు. బంతి మీద నుంచి లేవకుండా రెండు చేతులతో నేలను చూపిస్తూ అరిచాడు.

"రెండు గీతలున్నాయి ప్రొఫా! ఇది పాతది! ఒక్కసారి వచ్చి చూడండి, మీకు దండం పెడతాను!"

ఆ అరుపుకి ఆమె అటు తిరిగింది. అతని వేలు కనపడింది. ఆ వేలికి అవతల, గోల్ స్తంభాల మధ్య, ఇంకో తెల్లటి చార కనపడింది. రెప్పపాటు, అంతే. ఆట మళ్ళీ మొదలుకాకుండా ఉన్నంతసేపూ రిఫరీ తన మాట మార్చుకోవచ్చు, నియమం అదే. వెళ్ళి చూడడానికి ఎంతోసేపు పట్టదు. కానీ కంచె అవతల మగాళ్ళు లేచి నిలబడి ఉన్నారు, మలకియాస్ మాట చెవిలో గింగురుమంటోంది. ఆమె వీపు తిప్పి మైదానం మధ్యకి నడిచింది.

ఇంతలో ఒదిలోన్ మనుషులు కంచె దాటి గోల్ ముందుకు ఉరికి ఎగిరి గంతులు వేశారు. వాళ్ళ కాళ్ళ కింద సున్నమూ బూడిదా కలిసి ముద్దయింది. వాళ్ళని బయటికి తోలి ఆట మొదలుపెట్టేసరికి అక్కడ పాత గీతా లేదు, కొత్త గీతా లేదు. కాసేపటికి ఆమె ఆఖరి ఈల ఊదింది. దోన్ అబుందియో వచ్చి చేయి కలిపి, "మగాడిలా నడిపించావు" అని మెచ్చుకున్నాడు. ఆమె ఆ మెప్పు పుచ్చుకుంది.

మర్నాడు బండి దగ్గర దోన్ క్రూస్ జావ ఊదుకుంటూ యథాలాపంగా అన్నాడు. "వానలకి గోల్ ముందర గుంట పడింది కదమ్మా, స్తంభాలు ఒక్క బారెడు వెనక్కి పాతాను. పాత గీత అడుగునే ఉండిపోయినట్టుంది. తొక్కుడుకి బూడిద లేచిపోయి పైకి తేలిందేమో." ఆమె మొహం చూశాక గానీ తానేమన్నాడో ముసలాయనకు తట్టలేదు. గ్లాసు కింద పెట్టేశాడు. "నా నోట ఈ మాట వచ్చిందని ఎవరితోనూ అనకు ప్రొఫా. గీతలు గీయడం చేతకాదని ఈ వయసులో తీసి అవతల పారేస్తారు." ఆ చలికాలమే ఆయన అత్లిస్కోలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు, తర్వాత అక్కడే పోయాడు.

ఆ సోమవారం పొద్దున ఆయన అటు వెళ్ళగానే బండి దగ్గరికి పైపేట వాళ్ళు నలుగురు వచ్చారు. ఎర్లిందా తిట్లకు సిద్ధంగా నిలబడింది. నిజానికి ఆ రోజు తిట్లు తినాలని ఆమెకు ఆశగా ఉంది. వాళ్ళు తిట్టలేదు.

"నిన్నొక మాట అన్నాం, మనసులో పెట్టుకోకు ప్రొఫా. నువ్వు గోల్ అన్నావంటే గోలే. నీ సంగతి మాకు తెలీదా?"

"మరి వాడి చేతిలోంచి జారడమేంటి చెప్పు? ఏళ్ళ తరబడి ఏ బంతీ జారంది?"

"జారిందా, జార్చాడా? కొంపాద్రె మాట కాదంటాడా? అమ్ముడుపోయాడు ముండాకొడుకు."

ఊరంతా రిఫరీ మీద వేసే మాట, నమ్మకుండా వేసే మాట, ఈసారి నసారియో మీద పడింది. పడి అతుక్కుంది, ఎందుకంటే ఈసారి నమ్మి వేశారు. ప్రొఫా తప్పు చేయదు గనక తప్పు నసారియోదే అయి తీరాలి. ఎర్లిందా నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "పచ్చి కారందా, ఎర్ర కారందా?" అని.

ఆ మంగళవారం టైర్ల కొట్లో తన వంతు వచ్చినప్పుడు ఆమె ఒక తప్పు చెప్పింది. మొదటి సగంలో ఒక త్రో-ఇన్ తప్పు జట్టుకు ఇచ్చానంది. అందరూ నవ్వారు. ఫైనల్లో అంతకన్నా పెద్ద తప్పు చేయని ప్రొఫాకి చప్పట్లు అన్నారు. తప్పు చెప్పుకోవడానికి పెట్టుకున్న చోటునే ఆమె తప్పు దాచుకోవడానికి వాడుకుంది. తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఎక్కువ సిగ్గు వేసేది దీనికే.

వచ్చే వారం చెబుదాం అనుకుంది. అంతలో ఒదిలోన్ నసారియోని బట్టీకి మేస్త్రీని చేశాడు. ఎప్పటినుంచో రావలసిన పనే అది, ముందరి మేస్త్రీ కళ్ళు పోయి మానేశాడు. కానీ ఊరికి ఇంకేం సాక్ష్యం కావాలి? పైపేట జట్టు అతన్ని మళ్ళీ పిలవలేదు. పేట పండగనాడు పుల్కె కల్లు కుండ చేతులు మారుతూ అతని దాకా వచ్చి, అతన్ని దాటి పక్కవాడికి వెళ్ళింది. ఎర్లిందా తన కళ్ళతో చూసింది. నసారియో చేయి చాచి, మళ్ళీ ఆ చేత్తోనే టోపీ సర్దుకున్నాడు. ఆ తర్వాత అతను పండగలకు రావడం మానేశాడు. భార్య ఫిదెలా మాత్రం తమాలెల బండి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఎర్లిందా వైపు ఉరిమి చూసేది. ఊళ్ళో ఎర్లిందాను సరిగ్గా చూసిన మనిషి ఆవిడొక్కతే.

ఎర్లిందా మారలేదని కాదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అనుమానం వచ్చిన ప్రతిచోటికీ నడిచి వెళ్ళి, వంగి చూసి, అవసరమైతే మాట మార్చుకునేది. జనం పేర్లు పెట్టారు. "అదిగో, కళ్ళజోడు పారేసుకుంది, వెతుక్కుంటోంది!" అని కంచె అవతలి నుంచి అరిచేవాళ్ళు. అరిచినా ఆటలు బాగా సాగాయి. కొత్త రిఫరీలకూ అదే నేర్పింది. మలకియాస్ కూడా చివరికి ఒప్పుకున్నాడు. కానీ ఎక్కడ నేర్చుకుందో ఎవరికీ చెప్పలేదు. పాఠం తాను ఉంచుకుంది, దాని ఖరీదు మాత్రం నసారియో చేత కట్టించింది.

ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఈల పట్టారు. అందులో చిన్నది యారెత్సి ఒక మంగళవారం మహా ఉత్సాహంగా చెప్పుకొచ్చింది.

"గోల్ ఇచ్చేశాను ప్రొఫా, తర్వాత వెళ్ళి చూస్తే బంతి వల పక్క చిరుగులోంచి దూరింది. కాదన్నాను. తిట్టారనుకో, మా అమ్మని కూడా వదల్లేదు. కానీ ఆ గోల్‌కీపర్ ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. వెళ్ళి చూడు, వెళ్ళి చూడు అని నువ్వు చంపుకు తింటావు కదా, అసలు నీకెవరు నేర్పారు?"

ఇంటికి వెళ్ళినా ఆ ప్రశ్న ఎర్లిందాను వదల్లేదు. ఇప్పుడు చెబితే తనకు పోయేదేమీ లేదు. ఆడవాళ్ళని ఎవరూ తీసేయరు, తన పేరూ చెడదు. పోయేదేమీ లేనప్పుడు చెప్పే నిజానికి విలువేముంటుందని తనని తాను తిట్టుకుంది. అయినా చెప్పాలనే నిర్ణయించుకుంది.

కొత్త సీజను మొదలయ్యే ఆదివారం, జట్లన్నీ మైదానంలో వరసగా నిలబడి ఉండగా, దోన్ అబుందియో చేతిలోంచి మైకు అడిగి తీసుకుంది. "బూడిద పడిన ఆ ఫైనల్లో బంతి గోల్లోకి పోలేదు. బూడిద కింది నుంచి పాత గీత పైకి తేలింది. నేను దాన్ని చూసి గోల్ ఇచ్చాను. నసారియో బంతిని ఆపాడు. అతనేం తప్పు చేయలేదు. తప్పు నాది" అంది.

వెనక నుంచి ఒకడు, "ఇన్నేళ్ళకి గీత కనపడిందా ప్రొఫా? మంచి కళ్ళజోడే దొరికినట్టుంది!" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

"ఊరుకోండ్రా" అని పైపేట పెద్దమనిషి ఒకాయన కసిరాడు. "ఆవిడ మనసు వెన్న. వాడు నలుగురిలోకి రాలేక కుమిలిపోతున్నాడని జాలిపడి తన నెత్తిన వేసుకుంటోంది. అది గొప్పగుణం."

దోన్ అబుందియో మైకు అందుకుని, "మన ప్రొఫా మంచి మనసుకి అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాడు. కొట్టారు. ఎర్లిందా కాదు కాదని చేతులు ఊపింది. అది వినయమనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. సమయానికి చెప్పి ఉంటే ఆ నిజం మీద రాళ్ళు పడేవి, నసారియో బతికిపోయేవాడు. ఆలస్యంగా చెప్పినందుకు చప్పట్లు పడ్డాయి, అతని మీది మచ్చ అలాగే ఉండిపోయింది.

మర్నాడు బండి కట్టేసి ఆమె బట్టీకి వెళ్ళింది. నసారియో పచ్చి ఇటుకలు ఎండకు తిరగేస్తున్నాడు. మైకులో చెప్పిన సంగతి అతనికి అప్పటికే చేరింది. ఆమెను చూసి ప్యాంటుకు చేతులు తుడుచుకుని, బోర్లించిన బకెట్ ఒకటి కూర్చోడానికి చూపించాడు.

"ఎందుకు ప్రొఫా ఇవన్నీ? అయిపోయిందేదో అయిపోయింది."

"వాళ్ళు నమ్మలేదు నసారియో."

"నమ్మరు. వాళ్ళకి ఇది అలవాటైపోయింది, నాకూ అలవాటైపోయింది." ఒక ఇటుక తిరగేసి పక్కన పెట్టాడు. "మీరేం మనసు కష్టపెట్టుకోకండి. కన్నుంటే పొరపాటు ఉంటుంది. అంత బూడిద, అంత గోల. అంత దూరం నుంచి మీకేం కనపడుతుంది?"

ఎర్లిందా తల వంచుకుంది.

"మా ఫిదెలా మిమ్మల్ని తిట్టని రోజు లేదు, మీకు తెలుసో లేదో. నేనే ఆపేవాణ్ణి. 'ఆవిడ చూడలేదే, చూస్తే తప్పకుండా వచ్చేది, అన్యాయం చేసే మనిషి కాదు' అనేవాణ్ణి. ఊరంతా నన్నన్న మాట వేరు. మీరు గోల్ ఇచ్చింది కావాలని కాదు కదా అనుకుంటే కొంచెం నిద్రపట్టేది."

అక్కడితో లేచి రావచ్చు. అతను క్షమించేశాడు, క్షమించానని తన నోటితోనే చెప్పాడు. నిన్న మైకులో కూడా ఆమె గీత పోల్చుకోలేకపోయాననే అంది, మిగతాది మింగేసింది. ఇప్పుడు కూడా మింగేస్తే అతనికి ఆ కొంచెం నిద్రయినా మిగులుతుంది. కానీ అతను తన ఇంటి ముందు, పెళ్ళాం ముందు, తన కోసం ఇన్నేళ్ళు సాక్ష్యం చెప్పాడు. అది దొంగసాక్ష్యమని అతనికి తెలియకుండా ఉంచడం కూడా వీపు తిప్పి నడవడమే అనిపించింది.

"చూశాను నసారియో."

"ఏంటి?"

"రెండో గీత. నువ్వు వేలు పెట్టి చూపించినప్పుడే చూశాను. చూసి, రాలేదు."

నసారియో తిరగేయబోతూ ఎత్తిన ఇటుక చేతుల్లోనే ఉండిపోయింది. పచ్చి ఇటుక, బొటనవేళ్ళు అందులోకి దిగబడిపోయాయి. దాన్ని కింద పెట్టాడు. కోపం తెచ్చుకుంటాడేమో, తిడతాడేమో అని ఎర్లిందా ఎదురుచూసింది. అతను తిట్టలేదు. బట్టీ గోడ అవతల, ఫిదెలా బట్టలు ఉతుకుతున్న తన ఇంటి వైపు చూశాడు.

"ఇప్పుడు ఇంటికెళ్ళి దానికేం చెప్పను ప్రొఫా?" అన్నాడు.